గుమ్మం ముక్క

“మళ్ళీ అదే చూపిస్తోందే! ‘ఇద్దరి మాడ్లూ సరిపోలడం లేదు, ఆట మొదలవదు’ అంటోంది.” అత్తగారు ఫోనుకు దగ్గరగా వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

“కంగారు పడకండి అత్తయ్యా. మీ జాబితాలో ఎన్నున్నాయో లెక్కపెట్టండి.”

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, ల్యాప్‌టాప్ తెర మీద వేలు ఆనించి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. “పది.”

“నా దగ్గర పదకొండు. ఏది లేదు?”

ఏది లేదో అత్తగారికి పొద్దున్నే తెలుసు. పైకి అనడానికే నోరు రాలేదు. “మనిల్లు,” అంది చివరికి.

ఆ పేకాట తయారుచేసినవాళ్ళు ఇచ్చిన ముక్కల మీద రాజులూ రాక్షసులూ ఉంటారు. అవి నచ్చనివాళ్ళు సొంత బొమ్మలతో, సొంత నియమాలతో ముక్కలు చేసి ఆటలో కలుపుకోవచ్చు. వాటినే మాడ్లంటారు. ఇద్దరు కలిసి ఆడాలంటే ఇద్దరి దగ్గరా అవే ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆట కదలదు.

బట్టల మిల్లులో డిజైన్లు గీసే కోడలు, అత్తగారు మోకాలి ఆపరేషనై మంచం మీదున్న రోజుల్లో ‘మనిల్లు’ గీసింది. నలభై ముక్కలు. ఎదుటివాళ్ళ చేతిలోది చూపించే అత్తగారి కళ్ళజోడు. దెబ్బను ఆపే వంకర కాడ గొడుగు. జంటగా వస్తే తప్ప బలం లేని రెండు టీ కప్పులు. ఇంకా గుమ్మం. గుమ్మం వేసినవాళ్ళు ఆట మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, ఓడినట్టు లెక్క కాదు. ఆ ముక్క చేతికి ఎన్నిసార్లు వచ్చినా కోడలు ఒక్కసారీ వేయలేదు. ఓడిపోతానని తెలిసినా చివరిదాకా కూర్చునే ఓడిపోయేది.

మిల్లు పక్కన గది తీసుకుని ఆమె వెళ్ళి ఎనిమిది నెలలైంది. రోజూ మూడింటికి ఆట మాత్రం తప్పలేదు.

“నేనే ఏదో నొక్కేసుంటాను. నా వేళ్ళు ఊరుకుంటాయా?”

“మీరేం నొక్కి ఉండరు. పైన గడియారం బొమ్మ ఉంది చూడండి. అది నొక్కి మొదటి వరుస చదవండి.”

“‘మనిల్లు. తొలగించారు. ఈరోజు ఉదయం. ముందుగది కంప్యూటరు...’” అత్తగారు తల తిప్పి ముందుగది వైపు చూసింది.

ముందుగది కంప్యూటరు అబ్బాయిది. అదీ, ఈ ల్యాప్‌టాప్పూ ఒకే ఖాతాకు కలిపి ఉన్నాయి. అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది.



“చోటు చాలక తీసేసి ఉంటారు లెండి,” అంది కోడలు.

“నలభై బొమ్మలకి చోటు చాలలేదా వాడికి? వాడి దిక్కుమాలిన సినిమాలకి చాలుతుందే!”

“మీ అబ్బాయి ఎన్నింటికొస్తారు?”

“నాలుగింటికన్నాడు. అప్పటికి గదులన్నీ సర్ది ఉంచమన్నాడు. బీరువాలో నీ ఆకుపచ్చ శాలువా కనబడింది. అది నేనివ్వను, ముందే చెబుతున్నా.”

“మీకే అత్తయ్యా. కప్పుకోండి.” కోడలు వెంటనే ఆట పనిలోకి వచ్చేసింది. “ఇప్పుడు కింద ‘అన్ని యంత్రాలతో కలిపి ఉంచు’ అని ఉంది కదా? దాని పక్కన టిక్కు తీసేయండి. లేకపోతే మళ్ళీ పోతుంది.”

అత్తగారి వేలు గాల్లోనే ఆగింది. “తీసేస్తే వాడితో తెగిపోతుందేమోనే.”

“తెగేది యంత్రాలే అత్తయ్యా. మనుషులు కాదు.”

అత్తగారు టిక్కు తీసేసింది. కోడలు మెయిల్లో పంపిన ఫైలు దించుకుంది, మాడ్ల ఫోల్డరులో వేసింది, ఆట మూసి మళ్ళీ తెరిచింది. పదకొండు. తెర మీద పేకబల్ల పరుచుకుంది. అత్తగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, తలుపు వైపు చూసి చేతులు దించేసుకుంది.

ముక్కలు పడ్డాయి. “నాకో కప్పు వచ్చింది. రెండోది నీ దగ్గరే ఉంది కదూ?”

“అలా అడక్కూడదు. దొంగాట.”

“అడగనులే. కళ్ళజోడు వేస్తాను.”

కళ్ళజోడు వేసింది. కోడలి చేతిలో ముక్క ఒకటి తిరగబడింది. నీలం తలుపులు, అరిగిన గడప. గుమ్మం.

“దాచుకున్నావూ, ఎప్పట్లాగే! వేసే మొహమేనా నీది?”

కోడలు నవ్వలేదు. “ఈ ముక్కలు ఇక మీ దగ్గరే భద్రం. నేను లేకపోయినా కంప్యూటరుతో ఆడుకోవచ్చు.”

“దాంతో ఏమాడతానే? ఓడితే అలగదు, గెలిస్తే వెక్కిరించదు.”

“రేపట్నుంచి నాకు మూడింటికి కుదరదు అత్తయ్యా.”

“నాలుగింటికి ఆడదాం. పోనీ, అయిదింటికి?”

వీధిలో కారు ఆగింది. డిక్కీ తలుపు పడిన చప్పుడు ఫోనులో అటువైపుకీ వినబడి ఉండాలి.

“అప్పుడే వచ్చేశారా?” అంది కోడలు. “మందులు మర్చిపోకండి. ఉంటాను,” అంది.

బల్ల మీద గుమ్మం ముక్క పడింది. ఆటలో కోడలి వైపు కుర్చీ బొమ్మ మసకబారి మాయమైంది. ఓడినట్టు లెక్క కాదని తెర మీద అక్షరాలు వెలిగాయి. అత్తగారి చేతిలో ఒక్క కప్పు మిగిలింది.

ఆవిడ ల్యాప్‌టాప్ మూసి, ఫోను శాలువా మడతలో దోపి, కళ్ళు తుడుచుకుంది.

“అత్తయ్యా, ఈ పెట్టె ఏ గదిలో పెట్టుకోను?”

గుమ్మంలో కొత్త కోడలు నిలబడి ఉంది.