ఎనిమిది తీగల గిటారు

"ఇది ఇస్త్రీ బల్లనా సార్, కుట్టు మిషనా? బాపు పోయినంక పెట్టె ఇప్పి చూసినం. ఏం సమజైతలేదు," అంది వందన.

జాన్ మాస్టర్ నేల మీద చతికిలబడి దాని కిందికి తొంగి చూశాడు. కామారెడ్డిలో ముప్ఫై ఏళ్లుగా గిటారు నేర్పుతున్నాడాయన. తీగలున్న బల్ల ఒకటుంది, ఏందో మీరే చెప్పాలని నిన్న వందన ఫోన్ చేస్తే, ఆగలేక పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

"పెడల్ స్టీల్ గిటారు బిడ్డా. ముందర కూసొని, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుకుంట, కాళ్లతోని పెడళ్లు తొక్కుకుంట వాయిస్తరు. మూడే పెడళ్లు, మోకాలితో నెట్టే మీట ఒక్కటే. అంటే కొత్తగ నేర్చుకునేటోళ్ల కోసం చేసింది. కానీ గిసొంటి వాటికి పది తీగలుంటయి, దీనికి ఎనిమిదే. నేనైతే ఎక్కడ చూడలే. మస్తు పాతది."

కంపెనీ పేరు ఉండాల్సిన చోట రెండు స్క్రూ రంధ్రాలే మిగిలాయి. పెడళ్లను వేలితో తడిమాడు. నల్లరంగు ఎక్కడా చెదరలేదు. కడ్డీ ఇంకా నూనె కాగితంలోనే ఉంది.

వందన తల్లి సాలవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె భర్త మైసన్న పొలంలో కుప్పకూలి నెల కూడా కాలేదు.

"సార్, పదకొండేండ్లు ప్రతి ఐతారం కామారెడ్డికి పోయిండు," అంది సాలవ్వ. "జాన్ మాస్టర్ తాన గిటారు నేర్సుకుంటున్న అనెటోడు. ఇంట్ల ఒక్కపారి వాయించలే. వాడకట్టోళ్లు ఏమన్నరో ఎర్కేనా? ఆడ ఇంకో సంసారమున్నదన్నరు. నేను గూడ అడిగిన. అటు తిరిగి పండుకున్నడు. మీరు చెప్పుండ్రి. మీ తానకే వచ్చెటోడా?"

జాన్ చెయ్యి తీగల మీదే ఆగిపోయింది.

"నా తానకే వచ్చెటోడక్కా," అన్నాడు. "కిటికీ పక్కన కూసునేటోడు. పొలం పని చేసిన చేతులు గదా, వేళ్లు వంగకపోయేటియి. అయినా ఇడిసిపెట్టలే. మంచిగ వచ్చినంకనే మా ఇంటామెకు వినిపిస్త అనెటోడు."

"గట్లన్నడా?"

"అన్నడు."

సాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శవం లేచిన రోజు కూడా ఆమె కంట చుక్క రాలేదు. వందన తల్లిని పొదివి పట్టుకుంది.

"గిది మీరే తీస్కపోండ్రి సార్," అంది సాలవ్వ కాసేపటికి. "మీ శిష్యునిది."

"వద్దక్కా. మీ తాననే ఉండనియ్యి."

ముసురులో తిరుగు బస్సు కదిలింది. జాన్ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మైసన్న అనే మనిషిని ఆయన జన్మలో చూడలేదు.