సిప్పూ చిప్పా

మండే ఎండలో మెడకు టై బిగించుకుని దమ్మపేట దాకా వచ్చినవాడు పెళ్లికొడుకైనా అయ్యుండాలి, పైసలు అడగడానికి వచ్చినవాడైనా అయ్యుండాలి. మైకు పట్టుకున్న నాగచైతన్య మెడలో పూలదండ లేదు. కాబట్టి రెండో రకమే.

వెనక వరసలో బొజ్జయ్య పెదవి విరిచాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క షామియానాలోనే ఆర్థిక సలహాల సభ. వచ్చినవాళ్లకు కంపెనీ పేరున్న టోపీ, టీ, రెండు రస్కులు. రస్కు తిన్నవాడు రిస్కు తీసుకోకపోతాడా అని కంపెనీ ధీమా.

ఈ సలహాల జాతి సంగతి బొజ్జయ్యకు బాగా తెలుసు. సంతకం పడేదాకా రోజూ పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం పంపుతారు. పడ్డాక ఫోనెత్తరు. మన పిల్లల పుట్టినరోజుకు కేకు తెస్తారు. కేకు కన్నా ముందు ఫొటోగ్రాఫర్‌ని తెస్తారు. ఫ్లెక్సీ మీద నవ్విన నవ్వు ఆఫీసులో కనపడదు.

ముందు వరసలో సవరమ్మ కూర్చుంది. భర్త పోయాడు. కొత్త రోడ్డు కింద పొలం పోయింది. ఎకరం కాస్తా అకౌంటైంది. మిగిలిన బతుకంతా ఆ పాస్‌బుక్కే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆమె సంతకం పెడితే షామియానా మొత్తం పెడుతుంది. ఆమె లేచిపోతే షామియానా మొత్తం లేచిపోతుంది. అందుకే వచ్చినప్పటినుంచి బొజ్జయ్య కన్ను ఆమె మీదే ఉంది.

"ఉన్నదంతా మా దగ్గర పెట్టున్రి. నెలనెలా ఇంతని సిప్ ఫండుల్లకు మేమే మారుస్తం..." నాగచైతన్య మొదలుపెట్టాడు.

"ఓ టై బాబూ!"

ఒకప్పుడు బుర్రకథలో హాస్యం చెప్పిన బొజ్జయ్య గొంతు అది. దానికి మైకు అక్కర్లేదు.

"సిప్పు సిప్పు అంటున్నవ్. ఆఖరికి మా చేతుల చిప్పేనా?"

షామియానా ఘొల్లుమంది. చర్చివాళ్లు ఈయన్ని పామాయిల్ రైతుల చుట్టం అనుకున్నారు. రైతులు చర్చివాళ్ల చుట్టం అనుకున్నారు. పక్కింటి చుట్టాన్ని పట్టుకుని నువ్వెవరని అడగడం ఈ వైపు మర్యాద కాదు.

"సలహాదారు అంటే సలహా మాకు, దారి నీకు. గంతే గదా?"

పామాయిల్ తోటల బసవపున్నయ్య వెనక్కి తిరిగాడు. "ఉండవయ్యా. పిల్లగాణ్ణి చెప్పనియ్."

"చెప్పనిస్తే మనకు చెప్పులు గూడ మిగలవు పెద్దమనిషీ!"

నాగచైతన్యకు కోపం రాలేదు. రెండు చేతులూ జోడించాడు. "అందరి కడుపుల ఉన్న మాట మీరు నోరు తెరిచి అన్నరు. మీలాంటోళ్లు ఊరూరా ఉండాలె బాబాయ్."

"కాకా పట్టకు. ఫండు అంటవ్. పండనుకుని కొరుకుతం. రేపు పుండైతది. అప్పుడు మందెవడిస్తడు?"

"పామాయిల్ మొక్క పెట్టిన ఏడాదే గెల కోసిండ్రా బాబాయ్? ఓపిక పట్టిండ్రు గద? ఇదీ గంతే."

బసవపున్నయ్య తల ఊపాడు. అవ్, నిజమే, అని నాలుగు గొంతులు కలిశాయి.

అప్పుడు సవరమ్మ మెల్లగా లేచింది.

"బిడ్డా, నాదొక మాట. నడుమల నాకు దవాఖానా ఖర్చొస్తే, నా పైసలు నాకు ఎంబటే ఇస్తరా?"

నాగచైతన్య టై కింద చెమట కారింది. మైకు ఈ చేతినుంచి ఆ చేతికి మారింది.

"ఆగు చెల్లె, ముందు నా సంగతి తేలనీ!" బొజ్జయ్య కుర్చీ తన్నుకుని లేచాడు. "ఏందయ్యా, అసలు మీ ఆఫీసు రేపు ఉంటదా? బోర్డు తిప్పేస్తదా?"

దీనికైతే నాగచైతన్య దగ్గర రంగుల బొమ్మలే ఉన్నాయి. హైదరాబాద్‌లో అద్దాల మేడ. మేడ ముందు ఫౌంటెన్. ఫౌంటెన్ ముందు సూటేసుకున్న పెద్ద సారు. తెర మీద ఒక్కొక్కటీ పడుతుంటే జనం మెడలు సాగాయి. సవరమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత కూర్చుంది.

"ఇంత ఇమారత్ ఇడిసిపెట్టి ఏడికి పోతం బాబాయ్?"

బొజ్జయ్య మేడ వంక చూశాడు. జనం వంక చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమోనయ్యా. నా నోరైతే మూయించినవ్."

కూలబడ్డాడు.

"అన్ని వంకలు పెట్టినాయనే చల్లబడ్డడు. ఇంక మనకేంది భయం?" అన్నాడు బసవపున్నయ్య.

సవరమ్మ పాస్‌బుక్కు మీద కవరు విప్పింది. ఒకసారి వెనక్కి తిరిగి బొజ్జయ్య వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఆమె వెనక వరస కట్టారు.

బొజ్జయ్య టీకి కూడా ఆగలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా, పామాయిల్ తోటల పక్కగా సత్తుపల్లి రోడ్డెక్కాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. జేబులోంచి మిరియాలు తీసి నోట్లో వేసుకున్నాడు.

ఊరు దాటాక పక్కన కారు ఆగింది. "జల్దీ ఎక్కు బాబాయ్, రేపు వేంసూరుల ఇంకింత గట్టిగ తిట్టాలె," అంటూ నాగచైతన్య డోరు తీశాడు.