చిలుక పట్టుకున్న మాట

“మాట్లాడుతుందా?” అని ఆమె మళ్ళీ అడిగింది.

పక్షుల దుకాణందారు పంజరం మీది గుడ్డ తొలగించాడు. లోపల ఆఫ్రికన్ చిలుక, ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం ఎర్రగా. ఒక కన్నుతో ఆమెను ఎగాదిగా చూసింది.

“ఈ జాతి మనిషి గొంతుని ఉన్నదున్నట్టు దించేస్తుందమ్మా. కాకపోతే అంతా దాని ఇష్టం. ఒకటి నెలలో పట్టేస్తుంది, ఇంకొకటి ఏళ్ళు తీసుకుంటుంది. అసలు నోరే విప్పనివీ ఉన్నాయి. నేను గ్యారంటీ ఇవ్వలేను.”

“నాకు నెలే ఉంది.”

దుకాణందారు అయోమయంగా చూశాడు. పంజరం గొళ్ళెం లాగి చూస్తున్న ఆమె భర్త తల తిప్పకుండానే చెప్పాడు.

“గొంతులో క్యాన్సర్. వచ్చే నెల ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు.”

ఫ్రిజ్‌లో ఏ భాగం పోయిందో చెప్పినంత పొడిగా చెప్పాడు. అతను ఫ్రిజ్ మెకానిక్కే.

దుకాణందారు గొంతు తగ్గించాడు. “అందుకోసమైతే వద్దమ్మా. ఇది యాభై ఏళ్ళు బతికే ప్రాణి. పట్టించుకోకపోతే దిగులుతో తన ఈకలు తనే పీక్కుంటుంది. మాట్లాడలేదని తెచ్చి వెనక్కిచ్చేస్తే తట్టుకోలేదు.”

“ఇవ్వను. మాట్లాడకపోయినా ఇవ్వను,” అంది ఆమె.

పక్క పంజరంలో చలాకీ చిలుకపిల్ల ఒకటుంది. పిల్లలు ఏడాది దాకా నోరు విప్పవని దుకాణందారు చెప్పడంతో ఈ పెద్దదాన్నే ఎంచుకుంది. వేలు అందిస్తే అది ముక్కుతో మెల్లగా నొక్కి వదిలేసింది.

ఆమె క్యాబ్ కంపెనీలో ఫోన్ ఆపరేటర్. పొద్దస్తమానం మాట్లాడటమే పని. డ్రైవర్లందరికీ ఆమె ముఖం తెలియదు, గొంతు తెలుసు. ఇప్పుడా గొంతు బొంగురుపోయి, సాయంత్రానికి గుసగుసలా మిగులుతోంది. సెలవు పెట్టి, మిగిలిన మాటలన్నీ చిలుకకే ఖర్చు పెట్టసాగింది.

“ఏమండీ, వచ్చారా? కాళ్ళు కడుక్కోండి. అన్నం పెట్టేస్తున్నా.”

ఇవే మాటలు. చిలుక తల ఓరగా పెట్టి వినేది. విని, పల్లీ వొలుచుకునేది.

“ఇదేం పిచ్చే నీకు? ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చుగా,” అన్నాడు భర్త.

“చేశాను. ఫోన్ నొక్కితేనే పలుకుతుంది. మీరు తలుపు తీయగానే దానంతట అది పిలవదుగా. మీరొచ్చేసరికి ఇల్లు మూగగా ఉండకూడదు.”

“ఉంటే ఉంటుంది.”

“మీరూ కాసేపు కూర్చోండి. ఇద్దరం చెప్తే తొందరగా వస్తుందేమో.”

“ఇవన్నీ నాకు చేతకావు,” అని లేచి వెళ్ళిపోయాడు.

పక్షి పోషణలో మాత్రం వంక పెట్టడానికి లేదు. దాని ఊపిరికి పొగ పడదని నాన్‌స్టిక్ పెనాలు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశాడు. చిలుకలకి విషమని చాక్లెట్లు ఇంట్లోకి రానివ్వలేదు. కొరకడానికి చెక్కముక్కలు వేలాడదీశాడు. రోజూ సాయంత్రం ఆమె అలిసిపోయి పడుకోగానే పంజరాన్ని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, కొళాయి విప్పేవాడు. చిలుక తడి ఈకలతో బయటికి వచ్చేది, అతను ఎర్రబడ్డ కళ్ళతో.

“ఒరేయ్, ఆ పిట్టకి చేసే సేవలో సగం పెళ్ళానికి చేయకూడదట్రా?” అంది అతని తల్లి.

“నీళ్ళు చల్లకపోతే ఒళ్ళు ఎండి ఈకలు పీక్కుంటుందమ్మా.”

“కళ్ళేంటి అలా ఉన్నాయి?”

“దాని ఈకల పొడి నాకు పడట్లేదు.”

తల్లి కోడలి మంచం దగ్గరికెళ్ళి కూర్చుంది. “వీడు చిన్నప్పట్నించీ అంతేనమ్మాయ్. బండరాయి. నువ్వు మనసులో పెట్టుకోకు.”

“ఆయన నన్ను ఒక్కసారైనా భయంగా ఉందా అని అడగలేదత్తయ్యా,” అంది కోడలు. ఆవిడ కోడలి దుప్పటి సరిచేసింది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు బ్యాగు సర్దుకుని ఆమె పంజరం ముందు నిలబడింది. గొంతు చీరుకుపోతోంది. “ఏమండీ, వచ్చారా?” అంది. ఆగి చూసింది. మళ్ళీ అంది. మూడోసారికి మాట లేవలేదు, గాలే వచ్చింది. చిలుక మెడ గోక్కుని కళ్ళు మూసుకుంది.

“పోనీలే. నీ తప్పేముంది,” అని పెదవులు కదిపింది.

“ఆటో వచ్చింది,” అన్నాడు భర్త, బ్యాగు అందుకుంటూ. దారి పొడవునా ఆటోలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టర్లు చెప్పారు. ఆమె మెడలో ఊపిరి తీసుకునే రంధ్రంతో ఇంటికి వచ్చింది. కావలసినవి పలక మీద రాసి చూపించేది. భర్త చదివి, తెచ్చిపెట్టి, పనికి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం తలుపు చప్పుడైతే ఆమె నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకునేది. చిలుక ఒక్క మాటైనా అనలేదు. ఇంట్లో మిక్సీ చప్పుడు ఒక్కటే గట్టిగా వినిపించేది.

ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ముందుగదిలోంచి ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నట్టు వినిపించింది.

అత్త చేతులాగిపోయాయి. “ఎవరే అది? తలుపు వేసే ఉందిగా.”

ఇద్దరూ వెళ్ళి చూశారు. గదిలో ఎవరూ లేరు. పంజరంలో చిలుక ఒంటికాలి మీద నిలబడి వెక్కుతోంది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నట్టు అణిచిపెట్టిన వెక్కులు. ముక్కు ఎగబీల్చింది. కాసేపు ఆగింది.

ఆమె పంజరం ఊచలు పట్టుకుని చూసింది.

“ఒక్క మాటైనా నేర్చుకోవే తల్లీ,” అంది చిలుక, ఆమె భర్త గొంతుతో.