బొమ్మక్కకు ఏడుపు పాట

"ఆపవే! నేను చస్తే పత్తిచేను విరగపూస్తుందా?"

తిన్నె మీద కూర్చుని పత్తి వలుస్తున్న బొమ్మక్క చేతిలో కాయను విసిరికొట్టింది. ఎదురుగా కోడలు చిన్నతాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. తను పోయాక తన కోసం పాడాల్సిన ఏడుపు పాటను బొమ్మక్క తానే కోడలికి నేర్పుతోంది. దినమూ అదే పాట, దినమూ అదే చోట తప్పు.

"'నువ్వు లేక పత్తిచేను వాడి వంగెనమ్మా' అనాలే పిల్లా! విరగపూసెనమ్మా అంటే చుట్టాలు ఏమనుకుంటారు? ఈ ముసలిది ఎప్పుడు పోతాదా అని చేను కాచుకోనుండె అనుకోరూ?"

"మరిచిపోయినా అత్తా. ఇంకో తడవ పాడతా."

పాడింది. గొంతుకేం, బంగారం లాంటి గొంతు. వీధిలో పోతున్న ఉప్పు బండివాడు, పాపం, ఎవరో పోయారనుకుని తలగుడ్డ తీసి ఇంటి ముందు నిలబడ్డాడు.

"నేనింకా ఉండాను, నువ్వు పోరా!" అని బొమ్మక్క వాణ్ని తరిమేలోగా కోడలు ఆ చరణం దాకా వచ్చింది. పత్తిచేను మళ్లీ విరగపూసింది.

బొమ్మక్కకు ఒళ్లు మండింది. దుఃఖమూ వచ్చింది. ఊళ్లో ఎవరు పోయినా ముందు గొంతెత్తేది తనే. అలాంటిది, తన చావు దగ్గర పదిమంది కొంగుచాటున నవ్వుకుంటారా? ఇంతకన్నా తలవంపులు ఇంకేం కావాలి!

"పెరుమాళ్సామీ! బండి కట్టరా. విరుదునగర్‌లో నా కూతురింటికి పోతా, అక్కడే చస్తా. పొన్నమ్మాళ్ ఒక్క తడవ వింటే చాలు, పాడేస్తాది."

"చేన్లో కలుపు పనుండాది గదమ్మా," అని నసిగాడు కొడుకు.

"ఆ చేను నేను పోతే పూసేదే గదరా, దానికి కలుపెందుకు? కట్టు!"

ఇక చెప్పేదేముంది! బండి కోవిల్పట్టి టేషన్ దారి పట్టింది. వీధి మలుపు తిరుగుతుండగా వెనక నుంచి పాట లేచింది. చిన్నతాయి గుమ్మంలో నిలబడి గొంతెత్తింది. ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి, ఎక్కడ వెక్కాలో అక్కడ వెక్కి, పత్తిచేనును వాడించి, వంచి, నేలకు ఆనించింది. ఒక్క తప్పు లేదు. పెరుమాళ్సామి ఎద్దుల్ని ఆపి ముక్కు చీదుకున్నాడు. బొమ్మక్క తన చావుకు తానే కాసేపు కడుపారా ఏడ్చింది. అబ్బ, ఎంత బాగా పోయాను అనిపించింది ఆమెకు.

అంతలోనే కోపం ముంచుకొచ్చింది. బండి దిగి విసవిసా ఇంటికి నడిచింది.

"ఏమే దొంగదానా! ఇంత బాగా వస్తాదే నీకు! మరి ఇన్ని దినాలూ నా ప్రాణం ఎందుకు తీసినావే?"

చిన్నతాయి కళ్లు తుడుచుకుంది.

"వచ్చేసిందని తెలిస్తే మీరు మళ్లీ మంచం ఎక్కేస్తారు అత్తా. మామ పోయినాక మీరు లేచి ఇంత గంజి ముట్టింది, నాకు ఈ పాట నేర్పాలనే గదా!"