పరువుగల ముక్కు

"నా ముక్కులో పుల్ల పెడతావా? నా ఎదుట తుమ్మాలంటేనే ఈ ఊరు జంకుతుంది, తెలుసా?" అని లేచాడు ఫువాటై.

ఊరి పెద్ద ఆయన. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కులోకే దూది పుల్ల పెట్టాలని వచ్చింది నర్సు ఫిలోమెనా.

ఆమె బాధ ఆమెది. సవాయీ దీవి పడమటి తీరమంతా సెగగడ్డలు లేస్తున్నాయి. మాత్రలకు లొంగని మొండి క్రిమి. గడ్డ లేనివాళ్ళ ముక్కుల్లోనూ చడీచప్పుడూ లేకుండా కాపురం ఉంటుందట. ఏ ఊళ్ళో ఎందరి ముక్కుల్లో ఉందో తేలితే గానీ, అది ఎటునుంచి ఎటు పాకుతోందో తెలియదు.

"ఆక్లాండ్ నుంచి రగ్బీ కుర్రాళ్ళు మోసుకొచ్చారు. పోయి వాళ్ళ ముక్కులు చూసుకో."

"అందరివీ చూశాను పెద్దయ్యా. మీదొక్కటే మిగిలింది. ముక్కు శుభ్రంగా ఉందని తేలినవాళ్ళే ఊరి సభలో కవా వేరు రసం తాగాలి. అందరూ ఒకే కొబ్బరి చిప్పలో తాగుతారు కదా!"

సభలో మొదటి చిప్ప ఎప్పుడూ ఫువాటైదే. ఆయన తాగకపోతే అది, ఎప్పుడూ ఆయనతో పోటీపడే మసోయేకి పోతుంది. మసోయే ముందు తాగుతుంటే చూడటం కంటే చావు నయం. అలాగని ఊరి పెద్ద తల పరాయివాళ్ళు ముట్టుకుంటే పరువేం కాను? ఏమీ తోచక, విసవిసా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన భార్య తౌసాలా చెయ్యి చాచింది. "ఆ పుల్ల ఇటివ్వమ్మా. ఆయన సంగతి నాకొదిలెయ్."

"రెండు రంధ్రాల్లోనూ బాగా తిప్పాలి పెద్దమ్మా."

తౌసాలా పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి కీచుగా ఓ కేక. దబ్బున ఏదో పడ్డ చప్పుడు. ఆమె జుట్టు ముడి ఊడిపోయి, రొప్పుతూ వచ్చి పుల్ల అందించింది.

"గింజుకున్నారా?" అంది నర్సు జాలిగా.

"మీద ఎక్కి కూచుంటే గానీ లొంగితేనా!"

తరవాతి వారం ఫలితం వచ్చింది. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. మొండి క్రిమి కాదు కదా, మామూలు క్రిమి కూడా లేదట! ఫువాటై మీసం మెలేసి, తన ముక్కు గౌరవార్థం సభతో పాటు విందు కూడా ప్రకటించాడు.

"పెరట్లోని నల్ల పందిని కోద్దాం, బాగా బలిసింది," అన్నారు కుర్రాళ్ళు.

"కాదు, తెల్లదాన్నే కోయండి," అని పట్టుబట్టింది తౌసాలా.

సభలో ఫువాటై మొదటి చిప్ప ఎత్తి గటగటా తాగాడు. "రోజంతా చీదుతూనే ఉంటాడు, ఈయనది శుభ్రమైన ముక్కట!" అని మసోయే ఉడుక్కున్నాడు. ఆ ఉక్రోషంలో పంది తలంతా తనవైపు లాక్కున్నాడు.

అప్పుడే ఫిలోమెనా ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో కొత్త పుల్ల. "పెద్దయ్యా, ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లే నోళ్ళు తెరిచారు! ఇలాంటి ముక్కు ఈ తీరంలోనే చూడలేదట. ఇంకొక్కసారి పెట్టి తెమ్మన్నారు."

ఫువాటై బిక్కమొహం వేసి భార్యకేసి చూశాడు.

తౌసాలా నర్సును పక్కకు లాగి, చెవిలో చెప్పింది: "కాస్త ముందు రావాల్సింది తల్లీ, ఆ ముక్కును అదిగో, మసోయే కరకరా నమిలేస్తున్నాడు."