పల్నాడు స్టాల్‌లో పాట

“ఎవరామె? స్పీకర్‌కు అడ్డంగా నిలబడింది?”

జయకృష్ణ విసుక్కున్నాడు. కాసేపట్లో కలెక్టర్ గారు వస్తారు.

నరసరావుపేట టౌన్‌హాల్ గోడల నిండా ఫొటోలు. నలభై ఏళ్ల కిందట అప్పటి రాజధానిలోని పెద్ద పార్కులో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన చరిత్ర అది. ఏ దేశం ఏ మూల డేరా వేసిందో, ఎవరేం చూపించారో అన్నీ తవ్వి తీశాడు లెక్చరర్ జయకృష్ణ.

అన్నిటికంటే అతనికి గర్వకారణం ఒక పాట. ఆనాడు పల్నాడు స్టాల్‌లో ఓ పడుచు పాడిన మిరపకోతల పాట. ఎవరో విదేశీయుడు టేపు చేసుకుంటే వెంటపడి సంపాదించాడు. ఇప్పుడు హాలంతా అదే మోగుతోంది.

ఆ ముసలామె తలమీద కొంగు సర్దుకుని స్పీకర్ వైపు చెయ్యి చూపింది. అదే చేత్తో గుండె మీద తట్టుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

“మూగామె లాగుంది సార్. సౌండుకి గుండె దడగా ఉందంటన్నట్టుంది” అన్నాడు వాచ్‌మన్ శౌరి.

“దడగా ఉంటే ఇంటికి పొమ్మను.”

“పామ్మా, పెద్దోళ్లొచ్చే టైము.”

ఆమె కదల్లేదు. స్పీకర్ పెట్టిన బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. జయకృష్ణే వచ్చి ఆ వేళ్లు విడదీశాడు.

గేటు దాకా వెనక్కి చూస్తూనే వెళ్లింది.

“ఈ పాట పాడినామె కోసం మాచర్ల వైపు ఊళ్లన్నీ తిరిగాను” అన్నాడు జయకృష్ణ, కలెక్టర్ గారు వచ్చాక వేదిక మీద. “దొరికితే నా పక్కనే కూర్చోబెట్టేవాణ్ణి.”

చప్పట్లు మోగాయి. కలెక్టర్ గారు శాలువా కప్పారు.

ఆఖరి రోజు ఫొటోలు దింపుతుంటే ఒకామె వచ్చింది.

“నా పేరు అంజుమ్ సార్. మాది మాచవరం. మొదటి రోజు మీరు బయటికి పంపినామె, హజ్రా బీ, మా అమ్మ. ఇంటికొచ్చి అంతా సైగలతో చెప్పింది.”

“చూడమ్మా, ఆరోజు హడావిడిలో...”

“గొడవకి రాలా సార్. అమ్మ చనిపోయింది. నిన్ననే మట్టి చేశాం.”

“అయ్యో. నేనేం చెయ్యగలను?”

ఆమె ఫోను తీసింది. జయకృష్ణ ఒకడుగు వెనక్కి వేశాడు.

“ఏంది, వీడియో తీస్తన్నావా?”

“లేదు సార్. ఆ పాట దీంట్లో ఎక్కించండి. నేను పుట్టకముందే ఆపరేషన్లో మా అమ్మ గొంతు పోయింది, ఆమె పాడితే ఎట్టుంటదో నేనెప్పుడూ ఇనలా.”