చచ్చిన బ్యాటరీ

"పని చేసేది కాదు భాయ్. చచ్చిన బ్యాటరీ ఒకటియ్యి."

మోండా మార్కెట్లో వాచీలు బాగు చేసే ఓంప్రకాశ్ భద్రయ్యను ఎగాదిగా చూశాడు. "ఏందన్నా, తబియత్ మంచిగున్నదా?"

"మజాక్ కాదు. ఇంట్ల బరువు చూసే మిషన్ల ఏసే బిళ్ల. సూడనీకి మాత్రం కొత్తదాని లెక్కనే ఉండాలె."

పాత డబ్బా అడుగున వెతికి ఓంప్రకాశ్ ఒకటి తీసిచ్చాడు. భద్రయ్య దాన్ని రుమాలుతో తళతళలాడేలా తుడిచి జేబులో వేసుకున్నాడు.

ఏం చేస్తాడు మరి! బ్యాటరీ తెమ్మని ఇంట్లో వారం నుంచి ఒకటే పోరు. కూతురు వసుధ కాన్పుకు బోయిగూడలోని పుట్టింటికి వచ్చింది. తొమ్మిదో నెల. వారం వారం బరువు చూసుకోమని డాక్టరమ్మ చెబితే ఆ మిషన్ కొన్నారు. కొన్నాక అదొక ఆటైపోయింది. ఆదివారం తలంటుకోగానే ఇల్లంతా ఒకరి తర్వాత ఒకరు దాని మీదికెక్కడం, అంకె చూసి వెక్కిరించుకోవడం.

దాని బ్యాటరీ అయిపోయిన రోజు భద్రయ్య దేవుడికి దండం పెట్టుకున్నాడు. అంతకు ముందు రోజే ఆసుపత్రిలో డాక్టరు అతణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి చెప్పాడు. కడుపులో గడ్డ. ఆపరేషన్ చేసే దశ దాటింది. బరువు ఇంకా పడిపోతుంది. మహా అయితే ఐదారు నెలలు.

తన బరువు అంకె కనబడితే చాలు, భార్య బాలమణికి అనుమానం వస్తుంది. ఒకసారి అనుమానం వచ్చిందంటే నిజం కక్కించేదాకా వదిలే మనిషి కాదు. ఆ ఏడుపులు వింటే నిండు చూలాలు ఏమైపోవాలి? వసుధ పోయినసారి ఆరో నెలలోనే బిడ్డను పోగొట్టుకుంది. ఈసారి బీపీ. బిడ్డ భూమ్మీద పడేదాకా ఈ మాట ఇంట్లో పొక్కకూడదు.

బాలమణి గుమ్మంలోనే ఎదురైంది. "తెచ్చినవా? రేపు తెస్త, ఎల్లుండి తెస్త అని మస్తు సతాయించినవ్. ఇయ్యాల సుత తేకుంటే నేనే బజారుకు పోదునయ్యా."

"తెచ్చిన గదనే."

మిషన్ బోర్లించి, మూత తీసి బిళ్ల పెట్టాడు.

"జరుగు, ముందుగాల నేనెక్కుత. అన్నం బంద్ జేసి రొట్టె తింటున్న గద, చూడు గాజులెట్ల జారుతున్నయో!" బాలమణి చెయ్యెత్తి ఎర్రగాజులు గలగలలాడించింది.

భద్రయ్యకు ఆ గాజుల వంక చూడబుద్ధి కాలేదు. తల తిప్పుకున్నాడు.

ఆమె ఎక్కింది. అంకె ఒకటి మినుక్కుమంది. భద్రయ్య గుండె ఆగినంత పనైంది. దానికింకా కొసప్రాణం ఉందా? కొంప ముంచావు కదరా ఓంప్రకాశ్ అనుకున్నాడు. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. దిగి ఎక్కినా, కాలితో తట్టినా ఉలుకూ పలుకూ లేదు.

"కొత్త బ్యాటరీ ఏసినా గిట్లున్నదంటే మిషనే కరాబయింది," అన్నాడు.

"మరి నా బరువు ఎట్ల డాడీ?" అంది వసుధ మంచం మీద నుంచి.

"ఆటోల తీస్కపోయి దవాఖానల చూపిస్త బిడ్డా. పరేషాన్ గాకు."

ఆ పిల్ల ముఖం చూస్తే పాపం చేసినట్టే అనిపించింది. అయినా తప్పదు.

"కాన్పయినంక కొత్తది కొందాంలే," అంటూ బాలమణి మిషన్ను అటక మీద పడేసింది. "నీకు గీ చెమటలేందయ్యా? జెర నీళ్లు పోస్కో పో."

భద్రయ్య స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, ఒళ్లు నిండుగా కనబడాలని చొక్కా కింద తొడుక్కున్న నాలుగు బనియన్లూ ఒక్కొక్కటే విప్పి, ప్యాంటు జారకుండా తన బెల్టుకు మేకుతో ఇంకో కన్నం పొడుచుకున్నాడు.